రంగుల సాయం అక్కర్లేదన్న పిల్ల: శిల్పి లూయీజ్ నెవెల్సన్

అందరికీ నమస్కారం.

అమెరికాలో మెయిన్ రాష్ట్రం, రాక్‌ల్యాండ్ అనే సముద్రతీరపు చిన్న ఊరు. పుస్తకం కోసం లైబ్రరీకి వచ్చిన తొమ్మిదేళ్ల పిల్లని లైబ్రేరియన్ అడిగింది, పెద్దయ్యాక ఏమవుతావమ్మా అని. లైబ్రేరియన్ అవుతాననబోయిన పిల్లకి ఎదురుగా ఫ్రాన్స్ వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్ ప్లాస్టర్ బొమ్మ కనిపించింది. కాదు, శిల్పిని అవుతాను, నాకు రంగుల సాయం అక్కర్లేదు అంది. అన్న మాటకి తనకే భయమేసి ఏడుస్తూ ఇంటికి పరిగెత్తింది. ఇది ఆవిడే పెద్దయ్యాక చెప్పుకున్న సంగతి. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆవిడకి యాభై ఏళ్లు పట్టింది. నేను మాట్లాడబోయేది ఆ యాభై ఏళ్ల గురించే.

లూయీజ్ నెవెల్సన్ అసలు పేరు లియా బెర్లియావ్‌స్కీ. 1899లో, ఇప్పటి ఉక్రెయిన్‌లోని పెరెయాస్లావ్‌లో, యూదు కుటుంబంలో పుట్టారు. అప్పుడది రష్యన్ సామ్రాజ్యం, యూదులు బిక్కుబిక్కుమంటూ బతికే కాలం. 1902లో తండ్రి ముందుగా అమెరికా వెళ్లిపోతే ఆ పసిపిల్ల దాదాపు ఆరు నెలలు నోరు విప్పలేదట. 1905లో తల్లీపిల్లలు కూడా ఓడెక్కారు. రాక్‌ల్యాండ్‌లో తండ్రి మొదట పాత సామాన్లు కొని అమ్మి, తర్వాత కలప అడితి పెట్టుకున్నారు. ఇంట్లో తూర్పు యూరప్ యూదుల భాష యిద్దిష్, బడిలో ఇంగ్లిష్. ఊరికి వాళ్లు పరాయివాళ్లే. ఇంటి నిండా మాత్రం చెక్క ఉండేది.

1920లో ఓడల వ్యాపారం చేసే కుటుంబంలోని చార్లెస్ నెవెల్సన్‌ని పెళ్లాడి న్యూయార్క్ వచ్చారు. 1922లో కొడుకు పుట్టాడు. పెద్దింటి కోడలిగా కుదురుగా ఉండటం ఆవిడ వల్ల కాలేదు. 1931లో కొడుకుని పుట్టింట్లో వదిలి, చిత్రకళ గురువు హాన్స్ హాఫ్‌మన్ దగ్గర చదువుకోవడానికి జర్మనీలోని మ్యూనిక్ వెళ్లిపోయారు. ఈ చోటుని గబగబా దాటేయడం నాకిష్టం లేదు. తొమ్మిదేళ్ల పిల్లాడు తల్లి కోసం ఎదురుచూశాడు. ఆ బాధ ఆవిడని జీవితాంతం వదల్లేదు. తర్వాత రెండో ప్రపంచయుద్ధంలో వాణిజ్య నౌకల్లో పనిచేస్తూ ఆ అబ్బాయే తల్లికి డబ్బు పంపాడు. అతనూ శిల్పే అయ్యాడు.

1941లో, నలభై దాటాక, న్యూయార్క్‌లోని నీరెన్‌డార్ఫ్ గ్యాలరీలో మొదటి సొంత ప్రదర్శన జరిగింది. ఒక పత్రిక సమీక్షకుడు ఏం రాశాడో తెలుసా? ఈ కళాకారుడు ఆడమనిషని సమయానికి తెలిసింది కాబట్టి మా ఉత్సాహాన్ని ఆపుకున్నాం, లేకపోతే గొప్ప ఆధునికుల్లో ఒకరని పొగిడేవాళ్లం అని! ఇది చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. 1943లో సర్కస్ మీద చేసిన చెక్కబొమ్మలు ఒక్కటీ అమ్ముడుపోలేదు. ప్రదర్శన అయ్యాక వాటిని ఆవిడే విప్పి, విరగ్గొట్టి పారేశారు.

మిగిలింది వీధి. న్యూయార్క్‌లో పాత ఇళ్లు కూలగొడుతున్న రోజులవి. తెల్లవారకముందే లేచి చెత్తలో చెక్కముక్కలు ఏరుకొచ్చేవారు. సీసాల కోసం లోపల అరలు కట్టిన ఒక మద్యం పెట్టె ఎవరో కానుకగా ఇచ్చారనీ, దాన్ని చూశాకే గూళ్లు పేర్చాలన్న ఆలోచన వచ్చిందనీ చెబుతారు.

1958లో ఆ గూళ్లు గోడలయ్యాయి. వాటిలో ‘స్కై కేథడ్రల్’ అనే గోడ ఇప్పుడు న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. దాదాపు పదకొండడుగుల ఎత్తు, పదడుగుల వెడల్పు, లోతు అడుగున్నర. దూరం నుంచి మూసేసిన నల్లటి గోడలా ఉంటుంది. దగ్గరికెళ్లి నిలబడితే ఒక్కో గూడూ తెరుచుకుంటుంది. ఒకదాంట్లో మెట్ల కమ్మీ, ఇంకోదాంట్లో కుర్చీ ముక్క, పక్కన రంపంతో వంపులు తిప్పి కోసిన పలకలు ఒకదాని వెనక ఒకటి. ఎవరో చెయ్యానించి మెట్లెక్కిన కమ్మీ అది. నలుపు వేశాక అది ఏ ఇంటిదో, ఖరీదైనదో చవకదో ఇక తెలియదు. అక్కడ కనిపించేది నీడ ఒక్కటే. ఆవిడ చెక్కింది చెక్కని కాదు, నీడని అని నేను నమ్ముతాను. లైబ్రరీలో పిల్ల అన్న మాట నాకిక్కడ వినిపిస్తుంది.

మరుసటేడు అదే మ్యూజియం ‘సిక్స్‌టీన్ అమెరికన్స్’ ప్రదర్శనకి పిలిచింది. జాస్పర్ జాన్స్, ఫ్రాంక్ స్టెల్లా లాంటి కుర్ర చిత్రకారుల మధ్య అరవయ్యేళ్ల నెవెల్సన్. అందరూ నలుపు కోసం చూస్తుంటే ఆవిడ హాలంతా తెలుపుతో నింపేశారు, దానికి పెట్టిన పేరు ‘డాన్స్ వెడ్డింగ్ ఫీస్ట్’, అంటే ఉషోదయపు పెళ్లి విందు. మొత్తంగా కొనేవాళ్లు దొరక్క అది ముక్కలు ముక్కలుగా విడిపోయింది. తర్వాత బంగారు రంగు. 1962లో వెనిస్ బియనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శన. పేరు, డబ్బు అన్నీ వరసగా వచ్చాయి.

1964లో చేసిన నల్లగోడల పేరు ‘60 లక్షల మందికి నివాళి’. నాజీలు చంపిన యూదుల లెక్క అది. వాటిలో ఒకటి జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంది. అందులో ముఖాలు లేవు, శవాలు లేవు. ఎవరెవరివో ఇళ్లలోంచి వచ్చిన ముక్కలు, గూటి పక్కన గూడు. ఏ ఇంటి నుంచి వచ్చాయో చెప్పలేని వస్తువులు ఇంతకంటే బరువుగా ఇంకెక్కడా నాకు కనిపించలేదు. కొన్నేళ్లకి న్యూయార్క్ దగ్గరి గ్రేట్ నెక్‌లో, టెంపుల్ బెత్-ఎల్ అనే యూదుల ప్రార్థనాలయంలో, అదే 60 లక్షల మందికి ‘తెల్లని జ్వాల’ అనే గోడ కట్టారు. 1977లో మన్‌హాటన్‌లోని సెయింట్ పీటర్స్ లూథరన్ చర్చిలో ఒక ప్రార్థన గదిని పూర్తిగా తెల్లటి చెక్కతో తీర్చిదిద్దారు. 1988లో, ఎనభై ఎనిమిదో ఏట, న్యూయార్క్‌లోనే కన్నుమూశారు.

తన గోడల్ని పట్టపగటి వెలుగులో చూపించడం ఆవిడకి నచ్చేది కాదు. 1958 ప్రదర్శనలో గదిని దాదాపు చీకటి చేసి కొద్దిపాటి నీలి వెలుతురే ఉంచారు. అందుకని ఫొటోలు చూపించే ముందు ఈ హాల్లో లైట్లు తీసేయమని అడుగుతున్నాను. మొదట ఏమీ కనిపించదు. కంగారు పడకండి, కళ్లు అలవాటు పడేదాకా ఆగండి. ముందు ఎడమవైపు కింది గూడు చూడండి.