పికప్‌కి కొత్త టార్క్ కన్వర్టర్: లోడుతో సుంకి ఘాట్ ఎక్కించి చూశాం

అందరికీ నమస్కారం. ఆటోమేటిక్ బండిలో మామూలు క్లచ్‌కి బదులు, ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేదే టార్క్ కన్వర్టర్. ఈ టార్క్ కన్వర్టర్‌ని అమ్మేవాళ్లే నాకు ఉచితంగా పంపారు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. బిగించిన కూలి, ఆయిల్ ఖర్చు మాత్రం నావే. స్పెక్స్ మీరు ఈపాటికి చూసేసుంటారు, వాటి జోలికి పోను. విజయనగరంలో లోడు వేసుకుని, సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ వెళ్లే నా పికప్‌లో ఇది ఎలా పనిచేస్తోందో చెబుతాను.

మీ బండి ఏఎంటీ, అంటే గేర్లు తనే మార్చుకునే మాన్యువల్ గేర్‌బాక్స్ అయితే ఈ వీడియో మీకు పనికిరాదండి. అందులో ఉండేది మామూలు క్లచ్చే, మీ కాలికి బదులు యాక్చుయేటర్ నొక్కుతుంది, అంతే.

నాకు బాగా చిరాకు తెప్పించేది స్టాల్ స్పీడ్ ప్రచారం. గేర్‌లో ఉన్న బండిని కదలనివ్వకుండా యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే ఇంజిన్ ఎంత ఆర్‌పీఎం దాకా వెళ్తుందో, అదే స్టాల్ స్పీడ్. ఎక్కడ చూసినా "హై స్టాల్, హై స్టాల్" అని ఊదరగొడుతున్నారు. రేసు బండికి అది కావాలి, నిజమే. మన డీజిల్ పికప్‌లకి బలమంతా కిందే, 2000 ఆర్‌పీఎం చుట్టుపక్కలే ఉంటుంది. లోడు లాగే బండికి స్టాల్ ఎక్కువ పెట్టిస్తే జారుడు పెరుగుతుంది, ఆయిల్ వేడెక్కుతుంది. దయచేసి ఆ మాటలు నమ్మి కొనకండి.

మీరు డబ్బులు పెట్టాల్సింది లాకప్ క్లచ్ మీద, అంటే కన్వర్టర్ లోపల ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌తో నేరుగా కలిపే క్లచ్ మీద. అది పట్టుకున్నాక ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే వేగంతో తిరుగుతాయి. మధ్యలో ఆయిల్ జారడం ఉండదు, ఆ వేడీ ఉండదు. నా పాత కన్వర్టర్‌లో లాకప్‌కి ఒకే డిస్క్. సాలూరు దాటి ఎక్కుడు మొదలయ్యాక అది పట్టు వదిలేసేది. ఆర్‌పీఎం పెరిగేది, బండి మాత్రం వేగం అందుకునేది కాదు, సీటు కింద గడగడమని వణుకు. అప్పట్లో పెద్ద ఆయిల్ కూలర్ వేయించాను. వేడి కాస్త తగ్గింది గానీ వణుకు అలాగే ఉండిపోయింది. జారుతున్న క్లచ్‌ని కూలర్ ఆపలేదు కదా.

ఇందులో లాకప్‌కి మూడు డిస్కులున్నాయి. అదే ఎక్కుడు, అంతే లోడు, వణుకు లేనే లేదు! దిగేటప్పుడైతే ఇంకా నచ్చింది. లాకప్ గట్టిగా పట్టి ఉండడంతో ఇంజిన్ బ్రేకింగ్ చక్కగా అందుతోంది. మలుపు మలుపుకీ బ్రేకు తొక్కాల్సిన పని తగ్గింది, ఆ ఘాట్‌లో టెన్షన్ లేకుండా దిగుతున్నాను. నాకు ఈ ఒక్కటి చాలు.

పలాస నుంచి జీడిపప్పు వేసుకుని హైవే మీదే తిరిగేవాళ్లకి మాత్రం వద్దంటాను. చదును రోడ్డు మీద కంపెనీ కన్వర్టరే హాయిగా లాక్ అవుతుంది, అనవసర ఖర్చు. ఘాట్ తప్పనివాళ్లు కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు.

బిగించేటప్పుడు మీరు దగ్గరే ఉండండి. గేర్‌బాక్స్ దించాలి. కన్వర్టర్ లోపలికి పూర్తిగా కూర్చున్నాకే గేర్‌బాక్స్‌ని ఇంజిన్‌కి కలిపే బెల్‌హౌసింగ్ బోల్టులు బిగించాలి. సగంలో ఉండగా బోల్టులతో లాగితే ఆయిల్ పంపు పగిలిపోతుంది. పాత డిస్క్ పొడి కూలర్ పైపుల్లో ఉండిపోతుంది, వాటిని కడిగించండి. చాలా బళ్లకి గేర్‌బాక్స్ ఆయిల్ లెవెల్ చూసే డిప్‌స్టిక్ ఉండదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఆయిల్ కంపెనీ చెప్పిన వేడికి వచ్చాక లెవెల్ చూసే మెకానిక్‌కే పని ఇవ్వండి.

మీ బండి మోడల్, మామూలుగా వేసే లోడు కామెంట్లో రాయండి. ఎంత స్టాల్ అడగాలో ఒక్కొక్కరికీ చెబుతాను.