మైక్రోస్కోప్ తర్వాత, ముందు ఆ డబ్బా సంగతి చూడండి

హోస్ట్: మేడం, మన విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల రీసెర్చ్ చేసే ప్రతి డిపార్ట్‌మెంటూ టిష్యూని (శరీర కణజాలాన్ని) పల్చగా కోసే మైక్రోటోమ్, లేజర్‌తో చూసే కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ కొనుక్కోవాలంటే అయ్యే పనేనా?

డాక్టర్: కాదు, అవసరం కూడా లేదండీ. ఒకచోట పెట్టి, ఫీజు కట్టి అందరూ వాడుకోవచ్చు. ఏ పరికరం ఎక్కడుందో వెతుక్కోడానికి 2020లో కేంద్రం ఐ-స్టెమ్ పోర్టల్ కూడా తెచ్చింది. నా గొడవ మెషిన్లతో కాదు, పరీక్ష కోసం టిష్యూ వేసి మా ల్యాబ్‌కి పంపే డబ్బాలతో.

హోస్ట్: డబ్బాలా?

డాక్టర్: ఎలుక లివర్ మొత్తం చిన్న సీసాలో కుక్కి, పైన కాస్త ఫార్మలిన్, అంటే టిష్యూ కుళ్లకుండా ఉంచే ద్రవం, పోసి పంపుతారు. టిష్యూకి కనీసం పది రెట్లు పోయాలి. అది లోపలికి గంటకి సుమారు ఒక మిల్లీమీటరే దిగుతుంది. ఆవకాయ ముక్కకి ఉప్పు ఎక్కకపోతే ఏమవుతుందో గుంటూరు వాళ్లకి నేను చెప్పాలా! పైన బాగానే ఉంటుంది, మధ్యలో కణాలు పాడైపోతాయి. బెజవాడ ఎండల్లో ఇంకా తొందరగా.

హోస్ట్: పోనీ, ఎక్కువ రోజులు నాననిస్తే?

డాక్టర్: అదీ ఇబ్బందే. వారాల తరబడి ఉంచితే ప్రోటీన్లు బిగుసుకుపోయి, ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీలో, అంటే యాంటీబాడీతో ప్రోటీన్‌ని వెతికే పరీక్షలో, ఆ యాంటీబాడీ సరిగ్గా అతుక్కోదు. రొమ్ము క్యాన్సర్ రిసెప్టర్ పరీక్షకి ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలే ఉంచాలని పరిమితి పెట్టింది ఊరికే కాదు. కణాల్లో కొవ్వు చూడాలంటే టిష్యూని మైనంలో పోతపోసిన బ్లాకు పనికిరాదు, అది తయారుచేసేటప్పుడు వాడే జైలీన్ అనే ద్రావకంలో కొవ్వు కరిగిపోతుంది. క్రయోస్టాట్ అనే అతిచల్లని కోత యంత్రంలో గడ్డకట్టించి కోయాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కైతే గ్లూటరాల్డిహైడ్ అనే వేరే ద్రవం కావాలి. అందుకే ఎలుకని కోయకముందే మా టెక్నీషియన్‌కి ఫోన్ చెయ్యమంటాను.

హోస్ట్: మీకు కాదా?

డాక్టర్: ముందు ఆయనకే. నాలుగు మైక్రాన్ల మందంలో ముడత పడకుండా కోసేది ఆయన. వేసవిలో మైనం మెత్తబడితే బ్లాకుని ఐసు మీద పెట్టి మరీ కోస్తారు. తీరా పేపర్ అచ్చయ్యాక చూస్తే, థాంక్స్ చెప్పే చోట కూడా ఆయన పేరుండదు. నాకు ఒళ్లు మండుతుంది.

హోస్ట్: శాంపిల్‌తో పాటు ఇంకేం పంపాలి?

డాక్టర్: ఎథిక్స్ కమిటీ అనుమతి కాపీ. మనిషి టిష్యూ అయితే పేరొద్దు, కోడ్ నంబరు చాలు. టిష్యూ పెట్టే చిన్న ప్లాస్టిక్ క్యాసెట్ మీద పెన్సిల్‌తో రాయండి, మామూలు పెన్ను సిరా ఆల్కహాల్‌లో కొట్టుకుపోతుంది.

హోస్ట్: ఏ ఎలుకకి మందిచ్చారో కూడా రాయాలా?

డాక్టర్: అమ్మో, అది మాత్రం నాకు చెప్పొద్దు! ముందే తెలిస్తే నా స్కోరు అటే మొగ్గుతుంది. స్లైడ్లన్నిటికీ స్కోరు వేసిచ్చాక నేనే అడుగుతాను.