తూటా దూరితే సరిపోయినట్టు కాదు

(ఒంగోలులో మాజీ సైనికుల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీద పెద్దలకు, పండగ పూట పనులు మానుకుని వచ్చిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి కరియప్ప గారు 1953లో జనవరి 14న పదవీ విరమణ చేశారు కాబట్టి ఈ రోజు మనది, మాజీ సైనికుల దినం. ఆయన గురించి ముందు మాట్లాడినవాళ్లు బాగా చెప్పారు. నేను సర్వీసంతా ఆర్మరర్‌గా తుపాకులు విప్పి బిగించినవాణ్ణి. నా పని గురించే చెబుతాను.

గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఇప్పుడు గన్‌మేన్ ఉద్యోగంలో ఉన్నారు. సైన్యంలో ఏ తుపాకీకి ఏ తూటా అన్నది పైనుంచే చూసి ఇచ్చేవాళ్లు. బయటికొచ్చాక ఆ చూసేవాడు లేడు. మనమే చూసుకోవాలి.

సెవెన్ సిక్స్ టూ, అంటే 7.62 తూటా, మనందరికీ తెలుసు. మన పాత సైన్యం రైఫిల్ ఎస్‌ఎల్‌ఆర్‌ది 7.62×51. ఏకేది 7.62×39. దూరం కొట్టే డ్రాగనోవ్ రైఫిల్‌ది 7.62×54, దాని అడుగున అంచు బయటికి ఉంటుంది. మొదటి అంకె గొట్టం బోరు, అంటే లోపలి వెడల్పు; రెండోది మందు ఉండే ఇత్తడి కేసు పొడవు; రెండూ మిల్లీమీటర్లలో. ఒక తుపాకీ తూటా ఇంకోదానికి పనికిరాదు. మొదటి అంకె మాత్రమే చెప్పి తూటా అడిగితే సగం పేరు చెప్పినట్టే.

లైసెన్సుదారుల ఇళ్లలో ఉండే .315 రైఫిల్ సంగతీ అంతే. త్రీ నాట్ త్రీ, అంటే .303, సైన్యం బోరు, అది జనం చేతికి పోకూడదని తెల్లవాళ్లు పౌరులకు ఈ వేరే బోరు పెట్టారు. అంకెల్లో తేడా అంగుళంలో వెయ్యో వంతులు పన్నెండే. కానీ కేసు పొడవు చూడండి: త్రీ నాట్ త్రీది 56 మిల్లీమీటర్లు, .315ది 50.

ఇక పన్నెండు బోరు షాట్‌గన్. అసలు నేను లేచి నిలబడింది దీనికోసమే. మన జిల్లాలోనే, నాతో పనిచేసిన ఒక తమ్ముడు ఏటీఎం డబ్బు బండి మీద గన్‌మేన్. అతనిది పాత ఇంగ్లీషు డబుల్ బ్యారెల్. ముందుచెక్క తీసి గొట్టాల కింద చూశాను. మసి తుడిస్తే "12", పక్కనే "2½" కనబడ్డాయి. అంటే తూటా కూర్చునే చోటు, చాంబరు, రెండున్నర అంగుళాలు. బెల్టులో ఉన్నవి 70 మిల్లీమీటర్ల తూటాలు, అంటే రెండు ముప్పావు. తోలుబెల్టులో ఏళ్ల తరబడి ఉండి ఇత్తడికి పచ్చ చిలుము కూడా పట్టింది. అతన్ని పనిలో పెట్టిన సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లను అడిగితే "దూరింది కదా సార్" అన్నారు.

దూరుతుందయ్యా! అక్కడే ఉంది ప్రాణాపాయం. తూటా మీద రాసిన పొడవు, పేలి మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. పేలకముందు మూతి మడిచి ఉంటుంది కాబట్టి పొట్టిగా ఉండి చాంబరులోకి చక్కగా వెళుతుంది. పేల్చినప్పుడు మూతి విచ్చుకోవడానికి చోటుండదు. లోపల ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది, తుపాకీ మన మొహం దగ్గరే పగలొచ్చు. ఇది చెబుతుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. అతనికి ఇద్దరు ఆడపిల్లలు.

వెనక వరస తమ్ముళ్లూ, ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి. ఇది మీ చేతుల సంగతి. ఇరవై బోరు తూటా పన్నెండు బోరు గొట్టంలో పడితే, చాంబరు దాటి జారి ముందు ఇరుక్కుంటుంది. తెరిచి చూస్తే ఖాళీగా ఉన్నట్టే కనబడుతుంది. వెనక పన్నెండు తూటా పెట్టి పేలిస్తే ఎడంచెయ్యి పట్టుకునే చోటే గొట్టం పగులుతుంది. అందుకే ఇరవై బోరు తూటాలకు పసుపు రంగు వేస్తారు. షాట్‌గన్‌లో బోరు అంకె పెరిగితే గొట్టం సన్నదవుతుంది, మరిచిపోకండి. పౌండు సీసంతో పన్నెండు సమానమైన గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో, అదే పన్నెండు బోరు.

.22 గురించి కూడా చెబుదామనుకున్నాను, టైం అయిందని సైగ చేస్తున్నారు. ఒక్క మాట చెప్పి దిగుతాను. అధ్యక్షుల వారూ, గన్‌మేన్‌కు తూటాలు ఇచ్చే ఏజెన్సీ ప్రతి తుపాకీ గొట్టం మీది మార్కు, తూటా మీద ఉన్న మార్కు సరిచూసి, రాసి, సంతకం పెట్టి ఇవ్వాలని ఇవాళే మన సంఘం తీర్మానం చేయాలి. భోజనాల తర్వాత ఆ కిటికీ పక్క బల్ల దగ్గర ఉంటాను. తుపాకులు, తూటాలు తేవద్దు. గొట్టం కింది మార్కుల ఫోటో, తూటా పెట్టె మూత తెచ్చుకోండి, ఒక్కొక్కరిదీ చూస్తాను.