బ్యాంకాక్‌లో చవక గది అంటే ఏది?

నమస్తే అండీ. ఈ వీడియో బ్యాంకాక్ గురించి. కానీ పట్టాయా, కోరల్ ఐలాండ్, రాత్రికి ఒక షో అని నాలుగు రోజుల ప్యాకేజీలో గిరగిరా తిప్పి తీసుకొస్తారు చూడండి, ఆ బ్యాంకాక్ కాదు. వీపున ఒక బ్యాగు, జేబులో లెక్కపెట్టిన డబ్బు, వెంట ఏజెంటు లేడు, అలా వెళ్లేవాళ్ల కోసం. ఒక బాట్ అంటే సుమారు మూడు రూపాయలు అనుకోండి, అసలు రేటు కాస్త అటూ ఇటూగా ఉన్నా గుణించుకోవడానికి సులువు.

అందరూ ముందు చేసే పని ఏంటంటే, బుకింగ్ యాప్ తెరిచి, ధర తక్కువున్నవి పైకి వచ్చేలా పెట్టుకుని, మొదట కనిపించిన గది బుక్ చేసెయ్యడం. ఈ ఊళ్లో దానంత ఖరీదైన పని ఇంకోటి లేదు. ఎందుకో చెప్తా. బ్యాంకాక్‌లో పెద్ద రోడ్డు ఒకటి ఉంటుంది, దానికి రెండు పక్కలా సందులు, వాటిని సోయ్ అంటారు. చాలా సోయ్‌లు లోపలికి అలా వెళ్లి వెళ్లి ఎక్కడో గోడ దగ్గర ఆగిపోతాయి, పక్క సందులోకి దారి ఉండదు, కాబట్టి లోపలున్న ప్రతి బండీ మళ్లీ అదే పెద్ద రోడ్డు మీదికి రావాల్సిందే. ట్రాఫిక్ ఎందుకు కదలదో అర్థమైంది కదా. పైగా నంబర్ల గోల ఒకటి. సుఖుంవిట్ రోడ్డుకి ఒక పక్క బేసి నంబర్లు, ఇంకో పక్క సరి నంబర్లు, అంతవరకు బాగానే ఉంది, కానీ సోయ్ 55కి ఎదురుగా ఉండేది సోయ్ 38! సందుల మధ్య అడ్డదారి లేదు కాబట్టి యాప్‌లో "స్టేషన్‌కి 500 మీటర్లు" అని రాసి ఉంటే అది కాకి ఎగిరే లెక్క. నడిచేటప్పుడు అది కిలోమీటరు దాటొచ్చు, అదీ ఏప్రిల్ ఎండలో. ఒక్క రోజు నడుస్తారు, రెండో రోజు నుంచి టాక్సీయే. గది అద్దెలో మిగిలిన 150 బాట్ అలా ఒక్క ట్రిప్పులో పోతుంది, ఆ టాక్సీ సిగ్నల్ దగ్గర అరగంట నిలబడటం అదనం.

మరి ఖావోసాన్ రోడ్డు సంగతేంటి, బ్యాక్‌ప్యాకర్లందరూ అక్కడే ఉంటారు కదా అంటారు. ఉంటారు. నేనైతే ఒక సాయంత్రం చూసి రమ్మంటాను, ఉండమనను. అక్కడికి రైలు లేదు. దగ్గర్లో ఫ్రా ఆతిత్ అని పడవల రేవు ఉంది, పగలు అది బ్రహ్మాండంగా పనికొస్తుంది, కానీ చీకటి పడ్డాక మామూలు పడవలు ఆగిపోతాయి, ఆ తర్వాత మీరు టుక్‌టుక్ వాడి దయ మీద బతకాలి. రాత్రి రెండింటిదాకా పాటల మోత వేరే.

నా ఓటు సామ్ యోట్, వాట్ మంగ్‌కోన్ అనే రెండు మెట్రో స్టేషన్ల చుట్టుపక్కలకి. ఇది చైనాటౌన్, పాత ఊరు కలిసే చోటు. మెట్రో బ్లూ లైన్‌ని ఇటువైపు పొడిగించింది 2019లో, అంతకుముందు ఇక్కడికి రావాలంటే బస్సో పడవో. ఇప్పుడు డార్మిటరీలో మంచం 350 నుంచి 500 బాట్‌లో దొరుకుతుంది, ఏసీ ఉంటుంది, బ్యాగుకి లాకర్ ఉంటుంది. సువర్ణభూమి ఎయిర్‌పోర్టు నుంచి రైలెక్కి మక్కాసాన్‌లో దిగండి, చార్జీ 35 బాట్. అక్కడి నుంచి పైవంతెన మీద నడిస్తే ఫెచ్‌బురీ మెట్రో స్టేషన్, ఇక రైలు మారక్కర్లేదు. మెట్రోలో, అంటే ఎంఆర్‌టీలో, టికెట్ కొనకుండా మీ వీసా లేదా మాస్టర్ కార్డు గేటు దగ్గర ఆనిస్తే చాలు, అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉండాలి అంతే. ఇంకోటి బీటీఎస్, పైన వంతెనల మీద వెళ్లేది, అది వేరే సంస్థ. ఒకదాన్లోంచి ఇంకోదానికి మారితే చార్జీ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, కాబట్టి ఒకే లైన్ మీద ఊరు చూసేలా ప్లాన్ వేసుకోండి. సామ్ యోట్ తర్వాతి స్టేషన్ సనమ్ చాయ్. దిగీ దిగగానే హడావిడిగా బయటికి వెళ్లిపోకండి, లోపల రాజుల కాలం దర్బారు హాలులా కట్టారు, టికెట్ లేని మ్యూజియం అది. బయటికి వస్తే పక్కనే వాట్ ఫో గుడి, 46 మీటర్ల పొడవున పడుకున్న బుద్ధుడు.

అసలు మజా నీళ్ల మీదుంది. చావో ఫ్రయా నదిలో పడవలకి జెండాలు ఉంటాయి, ఆ రంగు చూసుకోవాలి. నారింజ జెండా పడవ ఊరి జనం ఆఫీసులకి వెళ్లేది, ఎంత దూరమైనా 16 బాట్. నీలం జెండా టూరిస్టుల కోసం, చార్జీ అంతకన్నా చాలా ఎక్కువ. సాథోర్న్ రేవులో మైకులు పట్టుకుని నీలం వైపే పిలుస్తుంటారు, మోసం ఏమీ కాదు, కూర్చోడానికి సీటు దొరికే అవకాశం ఎక్కువ, కానీ చూసే నది అదే. నారింజ దాన్లో కండక్టర్ ఒక లోహపు గొట్టంలో చిల్లర గలగలలాడించుకుంటూ వస్తారు, 20 నోటు సిద్ధంగా పెట్టుకోండి. వాట్ అరుణ్ గుడి కోసం అవతలి ఒడ్డుకి దాటాలంటే వేరే చిన్న పడవ ఉంది, దానికి నాలుగైదు బాట్‌లు.

ఇంకా సరదా కావాలంటే సేన్‌సేప్ కాలువ. గోల్డెన్ మౌంట్ గుడి దగ్గర పాన్‌ఫా రేవులో ఎక్కితే ప్రతునామ్ దాకా వెళ్లిపోవచ్చు, రోడ్డు మీద గంట పట్టే దూరం ట్రాఫిక్ ఊసే లేకుండా అయిపోతుంది. ప్రతునామ్ అంటే మనవాళ్లు బట్టలు టోకుగా కొనడానికి వెళ్లే మార్కెట్. కాలువ కంపు కొడుతుంది, అబద్ధం ఎందుకు. ఎదురు పడవ వచ్చినప్పుడు నీళ్లు చిమ్ముతాయి, అంచున కూర్చున్నవాళ్లు తాడు లాగి ప్లాస్టిక్ తెర పైకెత్తాలి, కొత్తగా వెళ్లినవాళ్లం చేతకాక చూస్తుంటే వెనకాల కూర్చున్న పెద్దావిడ వచ్చి లాగేస్తుంది. కండక్టర్లు హెల్మెట్ పెట్టుకుని పడవ బయటి అంచు మీద నడుస్తూ టికెట్లు ఇస్తారు. పది ఇరవై బాట్‌లకి ఇంతకన్నా ఏం కావాలి?

తిండి. మాంసం, చేప తినేవాళ్లకి అసలు సమస్యే లేదు, అన్నం మీద రెండు కూరలు వేసి 50, 60 బాట్‌కి పెడతారు. శాకాహారులకే టెన్షన్, ఎందుకంటే వాళ్లు "కూరగాయలే" అన్నా అందులో చేప సాస్ పడే ఉంటుంది, వాళ్ల లెక్కలో అది ఉప్పుతో సమానం. పసుపు రంగు జెండా మీద ఎర్రగా, మన కంటికి 17 అంకెలా కనిపించే అక్షరం ఉన్న కొట్టు వెతకండి. దాన్ని "జే" అంటారు, అందులో చేప సాస్, గుడ్డు, పాలు, చివరికి ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, ఏకాదశి చేసే అమ్మమ్మని కూడా తీసుకెళ్లొచ్చు. చైనాటౌన్‌లో ఇవి బాగా కనిపిస్తాయి. సామ్ యోట్ నుంచి కాస్త నడిస్తే పహురత్, అది ఇండియన్ బజారు, చపాతీ పప్పు దొరుకుతుంది. బండ్ల మీద పచ్చి మామిడి, జామ ముక్కలు ఉప్పు, కారం, చక్కెర కలిపిన పొడితో ఇస్తారు, ఆ చక్కెర ఎందుకు కలుపుతారో నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నీళ్ల సీసాలు ఊరికే కొనకండి, వీధుల్లో లీటరు ఒక బాట్‌కి నింపే మెషీన్లు ఉంటాయి.

గ్రాండ్ ప్యాలెస్ టికెట్ 500 బాట్, థాయ్ వాళ్లకి ఉచితం, మనకి కాదు. బడ్జెట్ అని దీన్ని వదిలేయొద్దని నా అభిప్రాయం. లోపల ప్రాకారం గోడల మీద 178 చిత్రాల్లో రామాయణం మొత్తం గీసి ఉంది, వాళ్ల రామకియన్. అందులో హనుమంతుడు బ్రహ్మచారి కాదు. సేతువు పాడు చెయ్యడానికి రావణుడు తన కూతురు సువన్నమచ్చ అనే మత్స్యకన్యని పంపిస్తే, హనుమంతుడు ఆమెతోనే ప్రేమలో పడతాడు, కొడుకు కూడా పుడతాడు. మైరావణుడి కథలో మనవాళ్లు మత్స్యవల్లభుడిని చెమటచుక్కతో సర్దేశారు, వీళ్లు అంత మొహమాటపడలేదు! గోడల వెంబడి తీరిగ్గా నడవండి, గుంపు అంతా మరకత బుద్ధుడి వైపు పోతుంది కాబట్టి ఇక్కడ తోపులాట తక్కువ. నిక్కర్లు, చేతుల్లేని చొక్కాలు వేసుకుంటే లోపలికి రానివ్వరు.

బయట శుభ్రంగా ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన ఎదురొచ్చి "ఇవాళ ప్యాలెస్ మూసేశారు, పూజ ఉంది, 20 బాట్‌కి టుక్‌టుక్‌లో వేరే గుళ్లు తిప్పిస్తా" అంటాడు. ఎన్నో ఏళ్లుగా అదే డైలాగు. ఆ టుక్‌టుక్ చివరికి రత్నాల కొట్టు ముందు ఆగుతుంది. నవ్వి గేటు దాకా నడవండి, మూసిందో తెరిచిందో అక్కడే తెలుస్తుంది.

కాళ్లు లాగితే లుంపినీ పార్కు, ఉచితం, చెరువు గట్టున మొసలి పిల్లల్లాంటి ఉడుములు తిరుగుతుంటాయి, ఏమీ అనవు, మీరూ ఏమీ అనకండి. సాయంత్రం ఆరింటికి జాతీయ గీతం వినిపిస్తే పరుగెత్తేవాళ్లు కూడా ఎక్కడివాళ్లక్కడ నిలబడతారు, మీరూ ఆగండి.

మొత్తానికి ప్యాలెస్ లాంటి చోట్ల టికెట్లు కాకుండా రోజుకి 800 నుంచి 1000 బాట్‌లో హాయిగా గడుస్తుంది. ఏటీఎంలో మాత్రం ఊరికే తియ్యకండి, విదేశీ కార్డుకి ప్రతిసారీ 220 బాట్‌కి తగ్గకుండా కోస్తారు, అది ఒక రోజు తిండి. ఎయిర్‌పోర్టు అడుగు అంతస్తులో రైలు దగ్గరున్న మార్పిడి కౌంటర్లలో పై అంతస్తుల కన్నా మంచి రేటు వస్తుంది. ఇక 2025 మే 1 నుంచి వెళ్లేముందు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, దిగడానికి మూడు రోజుల లోపు. థాయ్ ఇమిగ్రేషన్ వాళ్ల సైట్‌లో అది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే పేజీ ఏదైనా కనిపిస్తే వెంటనే మూసెయ్యండి.