నిద్రలో కుక్క కాళ్లు ఆడిస్తే కర్ర తీయకండి

హెడ్‌మాస్టరు గారికి, టీచర్లకి, కుక్కల్ని పట్టుకుని ఎండలో నిలబడ్డ అమ్మలకి, పిల్లలకి నమస్కారం. ఈరోజు సెప్టెంబరు 28, రేబిస్ దినం కాబట్టి టీకాల గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. చెప్తాను. కానీ ముందు నల్లోడు అనే వీధికుక్క సంగతి చెప్పకపోతే నాకు నోరు పెగలదు.

నేను పశువుల ఆసుపత్రిలో పనిచేసే రోజుల్లో వాడు మా వీధి టీ బడ్డీ బల్ల కింద ఉండేవాడు. నాలుగేళ్లు చూశాను వాణ్ణి. మధ్యాహ్నం పడుకున్న కాసేపటికి మూతి వణికేది, మీసాలు అదిరేవి, ముందుకాళ్లు గాల్లో పరిగెత్తేవి, నోరు తెరవకుండానే లోపల్లోపల మొరిగేవాడు, మళ్లీ సద్దుమణిగేవాడు. ఒకరోజు వీధికి కొత్తగా వచ్చినవాళ్లెవరో అది చూసి, దీనికి పిచ్చి పట్టిందని కర్రతో పొడిచారు. మంచి నిద్రలో ఉన్నవాడు ఉలిక్కిపడి, ఎదురుగా ఉన్న పిల్లాడి చెయ్యి కొరికాడు. ఇంకేముంది, కరిచింది కదా, పిచ్చికుక్కే అన్నారు. నేను పరిగెత్తుకెళ్లేసరికి బల్ల కింద రక్తం తప్ప ఏమీ లేదు.

పిల్లలూ, మీరు శ్వాననిద్ర అని చదువుకుంటారు, చీమ చిటుక్కుమన్నా లేచే నిద్ర. అది సగం నిజమే. కుక్క నిద్రలో ఇంకో దశ ఉంది, మూసిన రెప్పల కింద కనుగుడ్లు గబగబా తిరుగుతుంటాయి. రెమ్ నిద్ర అంటారు. మనుషుల్లో దీన్ని 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అప్పుడు మెదడు మెలకువలో ఉన్నంత చురుగ్గా ఉంటుంది, కానీ మెదడు కింది భాగం ఒంటికి పగ్గం వేసి కండరాల్ని వదులు చేసేస్తుంది. ఆ పగ్గం తప్పించుకుని వచ్చే చిన్నచిన్న కదలికలే మనం చూసేవి. ఫ్రాన్స్‌లో మిషెల్ జూవే అనే శాస్త్రవేత్త పిల్లుల మెదడులో పగ్గం వేసే చోటు పనిచెయ్యకుండా చేస్తే, అవి నిద్రలోనే లేచి, ఎదురుగా ఏమీ లేకపోయినా మీదపడి వేటాడినట్టు చేశాయి. 2001లో అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో ఎలకల మీద చూశారు, పగలు పరిగెత్తిన దారి నిద్రలో వాటి మెదడులో అదే వరసలో మళ్లీ నడిచింది.

అలాగని ప్రతి అదురూ కల కాదు. కళ్లు తెరవని కూనలు ఇంకా ఎక్కువ అదురుతాయి. అమెరికాలోని అయోవాలో బ్లంబర్గ్ అనే శాస్త్రవేత్త ఎలక పిల్లల మీద ఏళ్ల తరబడి పనిచేసి చెప్పింది ఏమిటంటే, ఆ అదుర్లతోనే మెదడు ఏ కాలు ఎక్కడుందో నేర్చుకుంటుందని.

అయ్యా, వెనక నిలబడ్డవాళ్లు, ఇది మాత్రం వినండి. ఫిట్స్ వేరు. ఫిట్స్‌లో ఒళ్లు కర్రలా బిగుసుకుంటుంది, కాళ్లు ఆగకుండా కొట్టుకుంటాయి, చొంగ కారుతుంది, ఉచ్చ పోసేస్తుంది, పిలిచినా పలకదు, లేచాక మనల్ని గుర్తుపట్టనట్టు తూలుతుంది. మెలకువలో కూడా అదే కాలు అదే పనిగా అదురుతుంటే డిస్టెంపర్ అనే కుక్కల వైరస్ జబ్బు కావచ్చు. రెండిట్లో ఏదైనా సరే, ఫోన్లో వీడియో తీసి డాక్టరు గారికి చూపించండి. నిద్రపోతున్న కుక్కనైతే ముట్టుకుని లేపొద్దు, దూరం నుంచి పేరు పెట్టి పిలవండి.

టీకా సంగతి. కుక్క కరిస్తే సబ్బుతో, కారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఆ పిల్లాణ్ణి కూడా నేనే అలా కడిగించి తీసుకెళ్లాను, బాగున్నాడు.

సరే, ఇక లైనులోకి రండి. అదిగో, గోడ నీడలో పడుకున్న ఆ తల్లికుక్కకి కూడా వెయ్యాలి. కాళ్లు ఆడిస్తోంది చూశారా? దానికి చివర్లో వేద్దాం, లేచాక.