వాలులో ఆగిన బండి బరువు ఎవరు మోస్తున్నారు?

శ్రోతలకు నమస్కారం.

ఆమధ్య శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లినప్పుడు మా తమ్ముడి పికప్ ట్రక్ నడిపాను. ఎన్నో ఏళ్లుగా గేర్ల బండి నడిపిన చేయి నాది, ఆటోమేటిక్ కొత్త. ఆ ఊళ్లో వీధులు కొండకు నిచ్చెన వేసినట్టు ఉంటాయి. ఫిల్బర్ట్ వీధిలో ఒకచోట 100 అడుగులకు 31 అడుగులు పల్లం. నేను ఆపింది అంత వాలులో కాదు. అయినా ఎత్తులో బండి ఆపి, లివర్ నేరుగా 'పి'లోకి, అంటే పార్కింగ్‌లోకి తోసి, బ్రేకు మీది కాలు తీసేశాను. బండి బెత్తెడు వెనక్కి జారి 'టక్'మని ఆగింది. తిరిగి బయల్దేరేటప్పుడు లివర్ ఒక పట్టాన కదల్లేదు. గట్టిగా లాగితే కింద సుత్తితో కొట్టినట్టు చప్పుడు.

"అన్నయ్యా, బండి బరువంతా ఆ చిన్న కొక్కెం మీద వేశావు" అన్నాడు తమ్ముడు.

నిజమే. 'పి'లో పెట్టినప్పుడు గేర్‌బాక్సులో వేలెడంత ఉక్కు కొక్కెం ఒకటి పళ్ల చక్రం గాడిలో పడుతుంది. అంతే. సరుకుతో కలిపి బండి 2,500 కిలోలు అనుకోండి. 100 అడుగులకు 10 అడుగులు లేచే ఎత్తులో దాన్ని కిందికి లాగే బలం సుమారు 250 కిలోల బరువుతో సమానం. హ్యాండ్‌బ్రేక్ వేయకపోతే ఆ లాగుడంతా ఆ కొక్కెమే కాయాలి.

పికప్‌తో ఇంకో చిక్కుంది. వెనక ట్రే ఖాళీగా ఉంటే వెనక చక్రాల మీద బరువు తక్కువ. ముందు భాగం పల్లం వైపు పెట్టి ఆపితే ఆ ఉన్న బరువూ కొంత ముందుకు పోతుంది. వెనక చక్రాలతో నడిచే బండిలో 'పి' పట్టేదీ, మామూలుగా హ్యాండ్‌బ్రేక్ పట్టేదీ ఆ వెనక చక్రాలనే. ఒక చక్రం బురదలో పట్టు తప్పిందంటే 'పి' ఒక్కటే బండిని ఆపలేదు. మన లారీ డ్రైవర్లు ఘాట్‌లో ఆపగానే క్లీనర్ దిగి టైరు కింద రాయి పెడతాడు చూడండి, ఆటోమేటిక్‌కైనా అది పనికొచ్చే అలవాటే. శాన్‌ఫ్రాన్సిస్కోలో అయితే 3 శాతం దాటిన వాలులో ముందు చక్రాలు తిప్పి పెట్టాలని చట్టమే ఉంది. బండి జారినా ఫుట్‌పాత్ అంచుకు తగిలి ఆగుతుంది.

ఇక సిగ్నల్ దగ్గర. ఎత్తులో ఆగినప్పుడు కొందరు బ్రేకు నొక్కరు, యాక్సిలరేటర్ కాస్త తొక్కి బండిని అలాగే నిలబెడతారు. గేర్ల బండిలో క్లచ్ సగం వదిలి నిలబెట్టే హాఫ్ క్లచ్ నాటి అలవాటు. చాలా ఆటోమేటిక్ పికప్‌లలో క్లచ్ పెడల్‌కు బదులు టార్క్ కన్వర్టర్ ఉంటుంది. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదాన్ని తిప్పితే, ఆ గాలికి రెండోది తిరుగుతుంది కదా. ఇక్కడ గాలి బదులు ఆయిల్. అందుకే మట్టంగా ఉన్న చోట 'డి'లో, అంటే డ్రైవ్‌లో బ్రేకు వదిలితే బండి తనంతట తానే మెల్లగా కదులుతుంది. ఎత్తు ఎక్కువైతే ఆ తోపుడు చాలక వెనక్కి జారుతుంది. బండి కదలకుండా యాక్సిలరేటర్ తొక్కి పట్టామంటే ఇంజిన్ చేసే పనంతా ఆ ఆయిల్‌ను మరిగించడానికే పోతుంది. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వస్తే, గేర్‌బాక్సుకు గట్టి దెబ్బే. కాలు బ్రేకు మీదే ఉంచండి. ఎత్తులో బ్రేకు వదిలినా బండిని కాసేపు పట్టి ఉంచే హిల్ అసిస్ట్ ఉందని ధీమా వద్దు, అది పట్టేది రెండు మూడు సెకన్లు.

దిగేటప్పుడు, ఉదాహరణకు తిరుమల పాత ఘాట్ రోడ్డులో, 'డి'లో వదిలేసి ఊరికే బ్రేకు తొక్కుతూ ఉంటే బ్రేకులు కాగిపోతాయి. లివర్ చిన్న గేర్లయిన 'ఎల్'కో, '2'కో, లేదా గేరు మనమే ఎంచుకునే మాన్యువల్‌కో మార్చి ఇంజిన్‌తో ఆపుకుంటూ రావాలి. న్యూట్రల్ మాత్రం వద్దే వద్దు.

మర్నాడు తమ్ముడు పక్కన కూర్చుని మళ్లీ ఆపించాడు. బ్రేకు నొక్కి ఉంచి న్యూట్రల్ చేశాను. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగాను. కాలు మెల్లగా వదిలితే బండి కాస్త కుంగి, హ్యాండ్‌బ్రేక్ మీద కుదురుకుంది. మళ్లీ బ్రేకు నొక్కి, అప్పుడు 'పి'లో పెట్టాను. సాయంత్రం తిరిగొచ్చి, కాలు బ్రేకు మీద ఉంచి ముందు 'పి' నుంచి తీశాను, తర్వాత హ్యాండ్‌బ్రేక్ దించాను. లివర్ చప్పుడు లేకుండా జారింది.