సీ ప్లస్ ప్లస్‌కి ఫీజు అక్కర్లేదు

శ్రోతలకు నమస్కారం.

ఇంటర్ పూర్తయి డిగ్రీలోనో బీటెక్‌లోనో చేరిన పిల్లలున్న ఇళ్లలో తరచూ వినబడే ప్రశ్న: ప్రోగ్రామింగ్ కోచింగ్‌కి పంపాలా? మన తిరుపతిలోనూ, చిత్తూరులోనూ ఆ ఫీజు కట్టలేని ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఇంటి పిల్లలు 'ఇది మనకు కాదులే' అని ఊరుకుంటే నాకు చాలా బాధేస్తుంది. సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికి కావలసినవన్నీ ఉచితంగానే దొరుకుతాయి.

కష్టమైన భాషే, కాదనను. బ్యార్నే స్ట్రౌస్ట్రప్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త 1979లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో దీని పని మొదలుపెట్టారు. సీ ప్లస్ ప్లస్ అన్న పేరు 1983లో వచ్చింది. 1998లో మొదటి అంతర్జాతీయ ప్రమాణం, అంటే భాష నియమాల పత్రం, వెలువడింది. 2011 నుంచి మూడేళ్లకోసారి కొత్త ప్రమాణం వస్తోంది. పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని పాతవాటిని చాలావరకు ఉంచేసి, కొత్తవి చేర్చుకుంటూ వచ్చారు. అందుకే ఇది ఇంత పెద్ద భాష అయింది. మొత్తం ఒకేసారి నేర్చుకోవాలని కూర్చుంటే టెన్షనే మిగులుతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. నీలం తెర మీద కనిపించే టర్బో సీ ప్లస్ ప్లస్ అనే పాత సాఫ్ట్‌వేర్ 1998 ప్రమాణం కన్నా ముందుది. అందులో రాసే 'వాయిడ్ మెయిన్', 'ఐఓస్ట్రీమ్ డాట్ హెచ్' లాంటివి పెడితే ఇప్పటి జీసీసీ కంపైలర్ తప్పు చూపిస్తుంది. కంపైలర్ అంటే మనం రాసినదాన్ని కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చే సాఫ్ట్‌వేర్. కాలేజీ పరీక్షకు అలా రాయాల్సి వస్తే రాయండి. సొంతంగా నేర్చుకునేది మాత్రం కొత్త పద్ధతిలోనే నేర్చుకోండి. జీసీసీ ఉచితం. ల్యాప్‌టాప్ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌లో టర్మక్స్ అనే యాప్ వేసుకుని, అందులో క్లాంగ్ కంపైలర్ పెట్టుకోవచ్చు. చిన్న కీబోర్డు కాబట్టి చేతికి శ్రమే, కానీ పని జరుగుతుంది.

పాఠాల సంగతికొస్తే, లెర్న్ సీపీపీ అనే వెబ్‌సైట్‌లో మొదటి నుంచి వరసగా, తేలిక ఇంగ్లీషులో ఉన్నాయి. ఐఐటీల పాఠాలు ఉండే ఎన్‌పీటెల్ సైట్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ వీడియో పాఠాలున్నాయి. వాటిని ఉచితంగా చూడవచ్చు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ సైట్‌లో భాషల పట్టికలో తెలుగు ఎంచుకుని చూడండి. వీటిలో ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా వెళ్లండి. సగం ఇక్కడ, సగం అక్కడ చూస్తే ఏదీ నిలవదు.

వీడియో చూసినంత మాత్రాన ప్రోగ్రాం రాయడం రాదు. చేత్తో టైప్ చెయ్యాలి. మన దగ్గరి లెక్కే తీసుకోండి. దామలచెరువు మండీకి తోతాపురి మామిడి లోడ్లు వెళ్తాయి. ఒక్కో లోడు తూకం, ఆ రోజు ధర తీసుకుని మొత్తం ఎంతో చెప్పే ప్రోగ్రాం రాయండి. తూకాలన్నీ వరసగా దాచడానికి 'వెక్టర్' అనే జాబితా వాడండి.

ఇక్కడే ఈ భాష అసలు స్వభావం బయటపడుతుంది. వెక్టర్‌లో పది తూకాలుంటే వాటి వరస సంఖ్యలు సున్నా నుంచి తొమ్మిది వరకే. చదరపు బ్రాకెట్లలో పది అని రాస్తే, లేని తూకాన్ని అడిగినట్టు. అయినా భాష మిమ్మల్ని ఆపదు. ఏదో ఒక అంకె రావచ్చు, ప్రోగ్రాం కూలిపోవచ్చు, లేదా ఇవాళ బాగానే నడిచి రేపు చెడవచ్చు. వేగం కోసం ఆ తనిఖీని వదిలేశారు. అదే 'ఎట్' అనే ఫంక్షన్‌తో అడిగితే తనిఖీ చేసి, తప్పని చెప్పి ఆపుతుంది. మొదట్లో 'ఎట్' అలవాటు చేసుకోండి.

కంపైల్ చేసేటప్పుడు 'మైనస్ డబ్ల్యూ ఆల్' (-Wall) అని జోడిస్తే అనుమానం ఉన్న చోట్ల కంపైలర్ హెచ్చరిస్తుంది. తెరంతా ఎర్రర్లు కనబడినా భయపడకండి. అన్నిటికన్నా పైనున్నది చదివి సరిచెయ్యండి. మర్చిపోయిన ఒక్క సెమీకోలన్ వల్ల కింద చాలా ఎర్రర్లు పుట్టవచ్చు.

మండీ లెక్క సరిగ్గా వచ్చాక దాన్ని ఫైల్‌లో దాచడం, రైతు పేరు, తూకం కలిపి ఒక క్లాస్‌గా రాయడం నేర్చుకోండి. పాయింటర్లు, టెంప్లేట్లు ఆ తర్వాతే మొదలుపెట్టండి.